వెనక కూర్చున్నవాడు

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పే కబుర్లు మీరు చాలానే విని ఉంటారు. నయాగరా జలపాతం, ఆకాశాన్నంటే మేడలు, ఎముకలు కొరికే చలి, వంకాయల ధర - ఇవేవీ నేను చెప్పబోవడం లేదు. అక్కడ ఉన్న ఆరు నెలల్లో నాకొక పిచ్చి అంటుకుంది. దాని పేరు బేస్‌బాల్. డెబ్భై రెండేళ్ళ వయస్సులో, మోకాళ్ళకి తైలం రాసుకుంటూ, ఆ కర్రా బంతీ ఆట మీద ఇంత మమకారమేమిటని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఆ మమకారం ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో చెబితే, దెప్పాలో వద్దో మీరే తేల్చవచ్చు.

మా పెద్దవాడు న్యూజెర్సీలో ఉంటాడు. వాడి కొడుక్కి పన్నెండేళ్ళు. మేము వెళ్ళిన రెండోవారం, ఒక సాయంత్రం ఆ కుర్రాడు గదిలోంచి బయటికి వచ్చాడు. వచ్చింది వాడేనని గొంతు విన్నాకగాని తెలియలేదు. మొహానికి ఇనప చువ్వల ముసుగు. రొమ్ముకి పరుపులాంటి కవచం. మోకాళ్ళ దగ్గర్నుంచి పాదాల దాకా గట్టి డిప్పలు. ఎడమచేతికి చిన్న చేటంత తోలు తొడుగు.

"ఓరి నాయనో! వీధి భాగోతంలో రాక్షసుడి వేషంలా ఉందేమిట్రా?" అంది మా ఆవిడ.

"నేను క్యాచర్ని, బామ్మా!" అన్నాడు వాడు గర్వంగా.

సంగతేమిటంటే, వాళ్ళ జట్టులో ఆ పని చేసే కుర్రాడు వేరే ఊరు వెళ్ళిపోయాడట. ఎవరు చేస్తారని మాస్టారు అడిగితే ఎవరూ చెయ్యి ఎత్తలేదట. మావాడు ఎత్తాడు. అంచేత వాడికా పదవి వచ్చింది. కోడలు మాత్రం వంటింట్లోంచి సణుగుతూనే ఉంది. "అందరూ పచ్చగడ్డిలో హాయిగా నిలబడితే, వీడొక్కడూ బాటు తిప్పేవాడి వెనకాల గొంతుక్కూర్చోవడ మేమిటండీ, మామయ్యగారూ? మీరైనా చెప్పండి."

నేనేం చెబుతాను? నాకా ఆటే తెలియదు. "చూసి చెబుతాను లేమ్మా" అని తప్పించుకున్నాను. శనివారం నాడు అందరితోపాటు మైదానానికి వెళ్ళాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. జట్టుకి తొమ్మిదిమంది. బంతి వేసేవాణ్ణి పిచర్ అంటారు. వాడు నేలమీద తట్టకుండా బంతిని సూటిగా విసురుతాడు. పెద్దవాళ్ళ ఆటలో ఆ దూరం 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ కంటే కాస్త తక్కువ. ఆ దూరాన్నుంచి గంటకి 90 మైళ్ళు దాటిన వేగంతో బంతి వస్తుంది. బాటు తగిలితే సరే. తగలకపోతే దాన్ని పట్టవలసినవాడు క్యాచర్. ఒక్కొక్క ఆటలో నూరుసార్లకు పైగా వాడలా కూర్చుని లేవాలి. మాటిమాటికీ బాటు అంచుకి తగిలిన బంతి వచ్చి వేళ్ళ మీదో, గొంతు మీదో, తొడ మీదో కొడుతుంది. మోకాళ్ళకి కవచాలు వాడడం కూడా 1907లో రోజర్ బ్రెస్నహాన్ అనే ఆటగాడితో వాడుకలోకి వచ్చింది. అంతకుముందు వాళ్ళు ఎలా ఆడారో ఆ దేవుడికే ఎరుక. ఈ సామానంతటికీ అమెరికావాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ఏమిటో తెలుసా? అజ్ఞానుల పనిముట్లు! బుద్ధి ఉన్నవాడెవడూ ఇవి తొడుక్కోడని వేళాకోళం.

కాని చూస్తున్నకొద్దీ ఆ వేళాకోళం అబద్ధమని తేలింది. పిచర్ ఎలాంటి బంతి వెయ్యాలో చెప్పేది ఈ వెనక కూర్చున్నవాడే. రెండు తొడల మధ్య చెయ్యి దాచుకుని, ఒక వేలో రెండు వేళ్ళో చూపిస్తాడు. ఒక వేలంటే మామూలుగా వేగం బంతి. మైదానంలో ఎవడు కొంచెం ఎడంగా జరగాలో సైగ చేసేదీ వీడే. అవతలివాడు దొంగచాటుగా ఒక బేసు నుంచి ఇంకో బేసుకి పరుగెడితే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి, దాదాపు 127 అడుగుల దూరానికి బంతి విసరాలి. అదీ రెండు సెకండ్లలో. అన్నిటికంటే నన్ను పట్టుకున్న విషయం మరొకటి. ఎనిమిదిమంది ఆటగాళ్ళూ ఒకవైపు తిరిగి నిలబడతారు. వీడొక్కడే వాళ్ళందరికీ ఎదురుగా ఉంటాడు. ఆటంతా ఒక్కచూపులో కనిపించేది వీడికే.

అది చూస్తుండగా నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు.

చిన్నప్పుడు మా వీధిలో క్రికెట్ ఆడేవాళ్ళం. కొబ్బరిమట్ట బాటు, గుడ్డలూ రబ్బరు ముక్కలూ చుట్టిన బంతి. నేను పెద్దవాణ్ణి కాబట్టి బాటూ నాదే, బంతీ నాదే. వికెట్ల వెనక నిలబడడానికి ఎవరూ ఒప్పుకునేవారు కారు. పక్కనే మురుగుకాలవ, బంతి జారితే దిగి తియ్యాలి. తొడుగులు లేవు, పట్టుకుంటే చేతులు మంట. అంచేత మా తమ్ముణ్ణి నిలబెట్టేవాణ్ణి. వాడు అమ్మ తువ్వాలు ఎడమచేతికి చుట్టుకుని, కిక్కురుమనకుండా గంటలకొద్దీ నిలబడేవాడు. వాడికి బాటు ఎన్నిసార్లు ఇచ్చానో వేళ్ళమీద లెక్క పెట్టవచ్చు.

ఆ తలపు ఎక్కువసేపు నిలవనివ్వలేదు నేను. దానికి కారణం ఉంది. తర్వాత చెబుతాను.

మైదానంలో నా పక్క బెంచీ మీద ఒక ముసలాయన కూర్చునేవాడు. ఎనభై దాటి ఉంటాయి. ఆయన మనవడూ అదే జట్టు. మావాడు ముసుగు తీసి, చెమట తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం చూసి ఆయన నవ్వాడు. తాను బ్రూక్లిన్‌లో పుట్టి పెరిగాననీ, చిన్నప్పుడు తనకొక దేవుడు ఉండేవాడనీ, ఆ దేవుడు సరిగ్గా ఇలాగే వెనక కూర్చునేవాడనీ చెప్పాడు. ఆ దేవుడి పేరు రాయ్ కాంపనెల్లా.

ఆ పేరు నేనెన్నడూ వినలేదు. ఆ రాత్రి మావాణ్ణి అడిగితే ఊళ్ళో లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చిపెట్టాడు. మొదటి పుస్తకం తెల్లవారుజాము దాకా చదివాను. మా ఆవిడ రెండుసార్లు లేచి, "పరీక్షలా?" అని అడిగి, మళ్ళీ పడుకుంది.

కాంపనెల్లా 1921 నవంబరు 19న ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి ఇటలీ సంతతివాడు. కూరగాయలూ పళ్ళూ అమ్ముకునేవాడు. తల్లి నల్లజాతి స్త్రీ. అక్కడి లెక్కలో పిల్లవాడు నల్లవాడే. బడిలో జట్టు ఎంపిక జరిగేటప్పుడు ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క గుండ్రం గీసి, ఎవరికి ఏది కావాలో అందులో నిలబడమన్నారట. అన్ని గుండ్రాలూ నిండిపోయాయి. క్యాచర్ గుండ్రంలో మాత్రం ఎవరూ లేరు. కుర్రాడు వెళ్ళి అందులో నిలబడ్డాడు. ఇది చదివి నేను లేచి, నిద్రపోతున్న మనవణ్ణి ఒకసారి చూసి వచ్చాను.

పదిహేనేళ్ళకే డబ్బు తీసుకుని ఆడడం మొదలుపెట్టాడు. పదహారేళ్ళకి బడి మానేశాడు. ఆ రోజుల్లో పెద్ద జట్లలో నల్లవాళ్ళకి చోటు లేదు. చట్టమంటూ ఎక్కడా రాయలేదు. తెల్లదొరలందరూ కూడబలుక్కున్న కట్టుబాటు. అంచేత నల్లవాళ్ళు తమ జట్లు తాము పెట్టుకున్నారు. కాంపనెల్లా 1937లో ఎలీట్ జెయింట్స్ అనే జట్టులో చేరాడు. తర్వాత బాల్టిమోరు పేరుతో ప్రసిద్ధికెక్కిన జట్టు అది. అక్కడ బిజ్ మాకీ అనే పెద్ద క్యాచర్ ఈ కుర్రాణ్ణి చేరదీసి, విద్యంతా నేర్పాడు. రాత్రంతా బస్సులో ప్రయాణం, పగలు ఆట. ఒకే రోజున రెండేసి ఆటలు. తెల్లవాళ్ళ హోటళ్ళలో గది ఇవ్వరు, అన్నం పెట్టరు. చలికాలం వస్తే వెచ్చని దక్షిణ దేశాలకి వెళ్ళి అక్కడ ఆడేవారు. మెక్సికోలో కూడా ఆడాడు. ఇలా తొమ్మిదేళ్ళు.

1945 అక్టోబరులో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే పెద్ద జట్టు అధికారి బ్రాంచ్ రికీ ఆయన్ని పిలిపించాడు. గంటలకొద్దీ మాట్లాడాడు. తన దగ్గర ఆడతావా అని అడిగాడు. ఆ రికీయే నల్లవాళ్ళ కోసం వేరే జట్టు పెడుతున్నాడని అప్పట్లో వాడుకగా ఉండేది. దాని గురించే అడుగుతున్నాడు కాబోలుననుకుని, నాకు ఉన్న జట్టు చాలునని చెప్పి కాంపనెల్లా వచ్చేశాడు. కొద్దిరోజుల్లోనే జాకీ రాబిన్సన్ నోట అసలు సంగతి తెలిసింది. రికీ పిలిచింది తెల్లవాళ్ళ ఆటలోకే! గుమ్మం దాకా వచ్చిన లక్ష్మిని తెలియక వెళ్ళగొట్టినట్టయింది. ఎంత బెంగపడి ఉంటాడో ఊహించుకోండి. అదృష్టం బాగుండి 1946లో మళ్ళీ కబురు వచ్చింది.

ముందు చిన్న జట్టులో ఆడి రావాలి. ఒక ఊరివాళ్ళు నల్లవాళ్ళని మేము చేర్చుకోమన్నారు. చివరికి న్యూహాంప్‌షైరు రాష్ట్రంలో నాషువా అనే మిల్లుల ఊరు చేర్చుకుంది. డాన్ న్యూకూంబ్ అనే నల్లజాతి పిచర్‌తో కలిసి అక్కడికి వెళ్ళాడు. అక్కడొక ముచ్చట. కోళ్ళఫారం ఆసామి ఒకడు, జట్టువాళ్ళు కొట్టే ప్రతి హోం రన్‌కీ నూరు కోడిపిల్లలు ఇస్తానని ప్రకటించాడు. హోం రన్ అంటే మన సిక్సర్ లాంటిది. సీజను ముగిసేసరికి కాంపనెల్లా సంపాదన వెయ్యికి పైగా కోడిపిల్లలు! వాటిని తండ్రికి పంపిస్తే ఆయన కోళ్ళ వ్యాపారం పెట్టుకున్నాడట. ఆ ఊళ్ళోనే ఒకరోజు జట్టు మేనేజరు వాల్టర్ ఆల్స్టన్‌ని అంపైరు మైదానం నుంచి పంపించేశాడు. ఆయన వెళుతూ జట్టుని కాంపనెల్లాకి అప్పగించాడు. ఆ దేశపు వ్యవస్థీకృత బేస్‌బాల్‌లో ఒక నల్లవాడు తెల్లవాళ్ళ చేత ఆట నడిపించడం అదే మొదలు. ఆ ఆట నెగ్గారు కూడాను.

1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్‌లో అడుగుపెట్టి ఆ పాత కట్టుబాటుని పగలగొట్టాడు. మరుసటేడు, 1948 ఏప్రిల్‌లో, కాంపనెల్లా వంతు వచ్చింది. పదేళ్ళు ఆడాడు. మనిషి పొడగరి కాడు. బొద్దుగా పీపాలా ఉండేవాడు. కాని ముసుగు తీసి ఎగిరే బంతి కిందికి పరుగెడితే పిల్లిలా ఉండేవాడని ఆ ముసలాయన చెయ్యి తిప్పి మరీ చూపించాడు. తన ముందునుంచి దొంగచాటుగా బేసు తియ్యబోయినవాళ్ళలో నూటికి 57 మందిని పట్టేశాడట. అంత గొప్ప లెక్క మరే క్యాచర్‌కీ లేదు. సంవత్సరానికొకసారి లీగు మొత్తానికీ మేటి ఆటగాడని ఒక్కడికే ఇచ్చే బహుమానం ఉంది. అది ఆయనకి 1951, 1953, 1955లలో మూడుసార్లు వచ్చింది. 1953లో 41 హోం రన్‌లు కొట్టాడు. మరుసటేడు ఎడమచేతి ఎముక దెబ్బతిని, నరం చెడి, వేళ్ళు మొద్దుబారాయి. శస్త్రచికిత్స జరిగింది. ఇక అయిపోయాడన్నారు. 1955లో లేచి మళ్ళీ మేటి అనిపించుకున్నాడు.

ఆ 1955 గురించి చెప్పేటప్పుడు ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బ్రూక్లిన్ జట్టు ఆఖరి పందెం దాకా ఎన్నిసార్లు వచ్చినా, ఎక్కువగా న్యూయార్కు యాంకీల చేతిలో ఓడిపోయేది. "వచ్చే ఏడు చూసుకుందాం" అన్నది ఆ ఊళ్ళో సామెత అయిపోయింది. 1955 అక్టోబరు 4న ఆ వచ్చే ఏడు వచ్చింది. జానీ పోడ్రెస్ అనే ఇరవైమూడేళ్ళ కుర్రాడు బంతులు వేశాడు. ఎదురుగా కూర్చుని పట్టినవాడు కాంపనెల్లా. మొదటి పరుగు తీసినవాడూ ఆయనే. రెండు సున్నాలతో గెలిచారు. ముసలాయనకి అప్పుడు పదమూడేళ్ళట. వాళ్ళ అమ్మ పెనమూ గరిటే తీసుకుని వీధిలోకి వచ్చి వాయించిందట.

బ్రూక్లిన్ పేరుతో ఆ జట్టు గెలిచిన కిరీటం అదొక్కటే. 1957 ఆట ముగిశాక జట్టుని దేశానికి అవతలి కొసన ఉన్న లాస్ ఏంజెల్స్‌కి తరలిస్తున్నారని తేలింది. కాంపనెల్లా కూడా వెళ్ళవలసినవాడే.

1958 జనవరి 28 తెల్లవారుజామున, హార్లెంలోని తన దుకాణం మూసుకుని, కారు నడుపుకుంటూ లాంగ్ ఐలండ్‌లోని ఇంటికి వస్తున్నాడు. సొంత కారు మరమ్మతులో ఉంటే, అద్దెకారు తీసుకున్నాడు. ఇల్లు ఇంకెంతో దూరం లేదు. రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉంది. కారు జారి, టెలిఫోను స్తంభానికి గుద్దుకుని తిరగబడింది. మెడ ఎముకలు విరిగాయి. వయస్సు ముప్ఫయ్యారు. భుజాల కింద శరీరం ఆయన మాట వినడం మానేసింది.

ఇక్కడ పుస్తకం మూసేశాను. తర్వాత నాలుగు రోజులు ముట్టుకోలేదు.

ఇప్పుడా కారణం చెప్పాలి. ఎనిమిదేళ్ళ క్రితం మా తమ్ముడు ఒక పెళ్ళికి వెళ్ళి, రాత్రివేళ స్కూటరు మీద కాలవగట్టు వెంట ఇంటికి వస్తున్నాడు. గేదె అడ్డం వచ్చింది. బండి కాలవ పక్కకి దొర్లింది. వాడికీ మెడే. అప్పట్నుంచి మంచమే. కుడిచెయ్యి కొంచెం కదులుతుంది. మాట చక్కగా ఉంది. జ్ఞాపకం నాకంటే బాగుంది. మా మరదలు కంటికి రెప్పలా చూసుకుంటోంది.

వాడుండేది తాడేపల్లిగూడెం దగ్గర. నేనుండేది కాకినాడ. బస్సెక్కితే పూటలో చేరుకునే దూరం. ఆ ఎనిమిదేళ్ళలో నేను వెళ్ళింది మూడుసార్లు. మూడోసారి, మరదలు వంటింట్లో ఉంది. నేను కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాను. "అన్నయ్యా, నుదుటిమీద ఈగ వాలింది. కాస్త తోలుదూ" అన్నాడు వాడు. మామూలుగానే అన్నాడు. నేను లేచి తోలాను. తర్వాత బస్సు వేళయిందని చెప్పి వచ్చేశాను. బస్సుకి ఇంకా రెండు గంటల టైముంది. ఆ రెండు గంటలూ స్టాండులో కూర్చున్నాను.

మరి వెళ్ళలేదు. ఒకటో తారీఖున డబ్బు పంపేవాణ్ణి. పండగలకి ఫోను చేసేవాణ్ణి. మోకాళ్ళనొప్పులనీ, ఎండలనీ, వానలనీ చెప్పేవాణ్ణి. అవే మోకాళ్ళతో వేల మైళ్ళు దాటి అమెరికా మాత్రం వెళ్ళగలిగాను. మా ఆవిడ ఒక్కసారి అడిగింది: "ఏవండీ, మీకు మీ తమ్ముణ్ణి చూస్తే భయమా?" నేను విననట్టు ఊరుకున్నాను.

అయిదోరోజున మళ్ళీ పుస్తకం తెరిచాను.

మొదట్లో కాంపనెల్లా ఎవరితోనూ మాట్లాడడానికి ఇష్టపడలేదు. తర్వాత న్యూయార్కులో డాక్టర్ హోవార్డ్ రస్క్ నడిపే చికిత్సాలయానికి చేర్చారు. అక్కడ చెంచా పట్టుకోవడం దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకున్నాడు. చేతులు కొంతవరకు స్వాధీనంలోకి వచ్చాయి. కాళ్ళు రాలేదు. చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాడు.

1959 మే 7న లాస్ ఏంజెల్స్‌లో ఆయన పేర ఒక ఆట పెట్టారు. కొత్త ఊళ్ళో ఆయన ఒక్కరోజైనా ఆడలేదు. అయినా 93,103 మంది వచ్చారు. పాత జట్టు నాయకుడు పీ వీ రీస్ కుర్చీ తోసుకుంటూ ఆయన్ని మైదానంలోకి తీసుకొచ్చాడు. దీపాలన్నీ ఆర్పేశారు. జనంలో ఒక్కొక్కరూ ఒక అగ్గిపుల్ల వెలిగించారు. కార్తీకపౌర్ణమినాడు గోదావరి రేవులో వదిలిన దీపాలు గుర్తొచ్చాయి నాకు. చీకట్లో ఆ కుర్చీ మధ్యలో, చుట్టూ అన్ని వెలుగులు. మళ్ళీ అందరికీ ఎదురుగా ఒక్కడు.

ఒక్క రాత్రి దీపాలు వెలిగించడం తేలికే. ఆ తర్వాత రోజూ పొద్దున్నే లేపి కూర్చోబెట్టేవాళ్ళు కావాలి. కాంపనెల్లా కథలో నాకు గొప్పగా తోచింది ఈ తర్వాతి భాగమే. అప్పటి సంసారం నిలవలేదు. 1964లో రాక్సీ డోల్స్ అనే ఆమెని పెళ్ళాడాడు. ఆమె చివరిదాకా తోడుగా ఉంది. రేడియోలో ఆటల గురించి మాట్లాడాడు. ప్రతి ఏడూ వసంతకాలపు శిక్షణ శిబిరానికి వెళ్ళి, కుర్చీలో కూర్చునే కుర్ర క్యాచర్లకి విద్య చెప్పాడు. 1969లో ఆ ఆటలో మహామహులకిచ్చే గౌరవమందిరంలో చేరాడు. 1978లో కాలిఫోర్నియాకి మకాం మార్చి, పాత జట్టులోనే ఉద్యోగం చేశాడు. 1993 జూన్ 26న పోయాడు. పెద్ద జట్టులో ఆడింది పదేళ్ళు. కుర్చీలో బతికింది ముప్ఫయ్యయిదేళ్ళు. ఆ ముప్ఫయ్యయిదేళ్ళూ జనం ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆయనతో పనిపడి వెళ్ళారు, జాలిపడి కాదు.

తిరుగుప్రయాణానికి వారం ముందు మావాడు మమ్మల్ని బ్రూక్లిన్ తీసుకెళ్ళాడు. ఎబెట్స్ ఫీల్డ్ అనే ఆ పాత మైదానం ఇప్పుడు లేదు. పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వరస ఉంది. 1960 ఫిబ్రవరిలో దాన్ని కూలగొట్టేటప్పుడు, కూల్చే ఇనప గుండుకి బేస్‌బాల్ బంతిలా రంగువేశారు. ఆ రోజున కాంపనెల్లా కుర్చీలో వచ్చాడు. హోం ప్లేటు వెనకాల, తాను పదేళ్ళు కూర్చున్నచోట తవ్విన మట్టిని ఒక పాత్రలో పోసి ఆయన చేతికిచ్చారు. మేమక్కడ నిలబడి ఆ చోటు ఎక్కడై ఉంటుందో వెతికాం. తెలియలేదు. ఒకావిడ చేతిసంచీతో మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది.

"తాతయ్యా, ఆ మట్టి ఆయనకెందుకు?" అన్నాడు మనవడు.

నాకు జవాబు తోచలేదు. ఆ రాత్రే మా తమ్ముడికి ఫోను చేశాను. పండగ కాదు. "ఎవరికేమైంది, అన్నయ్యా?" అని కంగారుపడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదనీ, వచ్చేవారం వస్తున్నాననీ చెప్పాను. కాసేపు అవతల చప్పుడు లేదు. "నీ మోకాళ్ళో?" అన్నాడు. వాడు అన్నీ గుర్తుపెట్టుకుంటాడు.

కాకినాడలో దిగిన మూడోరోజున వెళ్ళాను. మరదలు, "రండి బావగారూ" అని కుర్చీ వేసింది. మంచం వీధి తలుపుకి ఎదురుగా వేసి ఉంది. వీధిలో ఎవరెటు వెళ్ళిందీ, ఏ పిల్లవాడు బడి ఎగ్గొట్టిందీ, పాలవాడు నీళ్ళెక్కడ కలిపిందీ అన్నీ వాడికి తెలుసు. సాయంత్రాలు నలుగురు పిల్లలు లెక్కలు చెప్పించుకోవడానికి వస్తారట. ఈ సంగతి నాకిన్నాళ్ళూ తెలియదు.

"ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు?" అని అడిగాడు. కోపంగా కాదు, లెక్కలో అంకె అడిగినట్టు అడిగాడు. మోకాళ్ళ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. "నిన్ను చూడలేకపోయానురా" అన్నాను. "నేను రోజూ చూసుకుంటూనే ఉన్నానుగా" అన్నాడు. అక్కడితో ఆ ప్రస్తావన ఆపేశాడు. నా సిగ్గు దాచుకోవడానికి నాకు చోటు వదిలాడు. చిన్నప్పుడూ అంతే, నేను వదిలేసిన బంతుల సంగతి ఎవరికీ చెప్పేవాడు కాదు.

తర్వాత మనవడి వేషం గురించి చెప్పాను. పగలబడి నవ్వాడు. వేళ్ళ సైగల గురించి చెబితే, మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాడు. "అంటే మన వికెట్ కీపరే! కాని పెత్తనం ఎక్కువ" అన్నాడు. తువ్వాలు గుర్తుందా అని అడిగాను. "చిరిగినందుకు దెబ్బలు తిన్నది నేను. అందులో కొంచెం అన్నయ్యకి ఇవ్వమని అమ్మతో చెప్పవలసింది" అన్నాడు. కాంపనెల్లా కథ మొదలుపెట్టాను. కోడిపిల్లల దగ్గర మరదలు కూడా వచ్చి కూర్చుంది. కారు జారిన చోట నా గొంతు తగ్గింది. "ఆగకు, చెప్పు. అక్కణ్ణుంచి నాకు తెలిసిందే. అతనేం చేశాడో చెప్పు" అన్నాడు వాడు.

చెప్పాను. ఆ రోజున పూర్తికాలేదు. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి వెళుతున్నాను. మావాడు అమెరికా నుంచి పంపే మనవడి ఆటల వీడియోలు ఇద్దరం ఫోనులో చూస్తాం. వేళ్ళసైగ చూసి ఏ బంతి రాబోతుందో మా తమ్ముడు ముందే చెబుతాడు. నాకంటే వాడికే ఎక్కువసార్లు సరిపోతుంది.

మొన్న ఆదివారం అలాగే చూస్తున్నాం. మనవడి జట్టు ఒక పరుగు వెనకబడి ఉంది. ఆఖరి ఇన్నింగ్సు. ఎక్కణ్ణుంచో ఒక ఈగ వచ్చి వాడి నుదుటిమీద వాలింది. వాడు అడగలేదు. నేను చెయ్యి చాపి తోలాను.

"అడ్డం రాకు, అన్నయ్యా! బంతి కనపడ్డం లేదు" అన్నాడు మా తమ్ముడు.